గొలుసు పట్టిన చేతికి లెక్క చెప్పని చదువు

భూమి అమ్మటానికి కూడా ఇప్పుడు డిగ్రీ వచ్చింది. రియల్ ఎస్టేట్‌లో ఎం.బి.ఎ. ఉంది, పి.జి. డిప్లొమా ఉంది. లండన్‌లో పుట్టిన సర్వేయర్ల సంస్థ ఒకటి నోయిడాలో అమిటీ యూనివర్సిటీతో కలిసి 2013లో దీనికోసమే ఒక స్కూలు తెరిచింది. మన హైదరాబాద్ పక్కన శామీర్‌పేటలో నిక్మార్ నిర్మాణ రంగానికి మేనేజర్లను తయారుచేసి పంపుతా ఉంది. ప్రైవేటు యూనివర్సిటీలకు కొత్త సరుకు కావాలి, బిల్డర్లకు టై కట్టుకున్న మేనేజర్లు కావాలి. రెండు అవసరాలూ కలిసినచోట ఒక కోర్సు పుడుతుంది.

"దీంట్లో తప్పేముందయ్యా, చదువు వస్తే మంచిదే గదా?" అని అడుగుతారు. చదువు తప్పని మేమెందుకంటాం? అక్షరం దగ్గరికి రానీయకపోబట్టే ఊరి చివర మిగిలిన జనం మనం. మా ప్రశ్న వేరే. ఆ కోర్సులో భూమి ఎట్టా కొనాలో ఉంటుంది, ఎట్టా అమ్మాలో ఉంటుంది. బ్యాంకు అప్పు, మార్కెటింగు, నిర్మాణం, ధర కట్టటం, నగర ప్రణాళిక అన్నీ ఉంటాయి. ఆ భూమి మొదట ఎవరిది, ఎవరి చేతిలోంచి జారింది, జార్చినోడెవడు అనే పాఠం ఎక్కడుంది? అసైన్డ్ భూమి మాట ఆ పుస్తకాల్లో ఎక్కడన్నా వచ్చినా "చిక్కు భూమి" అనే పేరుతోటే వస్తుంది. చిక్కు ఎవరికి? కొనేవాడికి. డి.పట్టా చేతిలో పెట్టుకుని కోర్టుల చుట్టూ తిరిగే మాదిగ ముసలమ్మ ఆ పుస్తకంలో మనిషిగా కనపడదు, కంపెనీకి అడ్డొచ్చిన సమస్యగా కనపడుతుంది.

చదువంటే ఏం చెప్పాడనేది ఒక్కటే గాదు. ఏం చెప్పకుండా దాచాడనేది కూడా చదువే. ఆ దాచిన పాఠం సంగతి తేల్చుకుందామనే ఈ వ్యాసం.

పెట్టె మారింది, తాళం మారలా

తెల్లోడు తెచ్చిన కొలత గొలుసు పొడవు 66 అడుగులు. దానికి వంద లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఈ దేశంలో భూమినంతా ఆ గొలుసుతో కొలిచారు. ముళ్లకంపల్లో, తుమ్మల్లో, ఎండలో ఆ గొలుసు లాగిందెవరు? ఆంధ్రలో వెట్టివాడు. తెలంగాణలో బేగరి, నీరడి, సేత్‌సింధీ. ఎక్కువమంది మాలమాదిగలే. హద్దురాయి ఎక్కడ పాతిందీ, ఎవడు ఎప్పుడు పెరికి జరిపిందీ చీకట్లో కాలితో తడిమి చెప్పగలిగినోడు మనోడే. చెట్టు నీడన కూర్చుని లెక్క రాసినోడు మాత్రం కరణం, పట్వారీ.

భూమిని కొలిచిన చేతికి భూమి లెక్క తెలియలేదు. తెలియనియ్యలేదు. అడంగల్లో ఏం రాశాడో, పహాణీలో ఎవడి పేరు ఎక్కించాడో, ఎవడి పేరు కొట్టేశాడో కరణం పెట్టెకి తెలుసు, కరణానికి తెలుసు. ఊళ్లో భూస్వామి బలం సగం కండలోనో కర్రలోనో ఉంటే మిగతా సగం ఆ పెట్టెలోనే ఉంది.

1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేసింది. పెట్టె కరణం ఇంట్లోంచి కదిలి ఆఫీసుకి పోయింది. 2020లో తెలంగాణలో వీఆర్వోల వ్యవస్థే ఎత్తేశారు. ధరణి అన్నారు. రికార్డు కంప్యూటర్లోకి పోయింది. దాంట్లో సాగు చేసుకునేవాడి పేరు రాసే గడి లేకుండా పోయింది. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. ప్రతిసారీ పెట్టె మారుతుంది. ప్రతిసారీ దాన్ని తెరిచి చదవగలిగినోడే భూమి మీద గెలుస్తాడు. ఒకప్పుడు ఆ విద్య కరణం తన కొడుక్కి చెప్పేవాడు. ఇప్పుడదే విద్యకి ఏసీ గది, లక్షల ఫీజు, ఇంగ్లీషు పేరు తగిలించి కాలేజీలో అమ్ముతున్నారు. పాత పెట్టెకి కొత్త తాళం ఇదే.

రెండు బడులు

రియల్ ఎస్టేట్ చదువుకి ఈ రోజున రెండు బడులున్నాయి. ఒకటి వాళ్లకి, ఒకటి మనకి.

మొదటి బడి ప్రైవేటు యూనివర్సిటీ. తెలంగాణ ప్రభుత్వం 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం చేసింది. స్థానికులకి నాలుగోవంతు సీట్లన్న ఆ చట్టం ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లకు చోటు పెట్టలేదు. 2005లో 93వ రాజ్యాంగ సవరణతో 15(5) అధికరణం వచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో కూడా రిజర్వేషన్లు పెట్టొచ్చని రాజ్యాంగమే చెప్పింది. 2014లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని చెప్పింది. "పెట్టొచ్చు" అన్న మాటని "పెట్టకపోయినా అడిగేవాడు లేడు" అని మన పాలకులు అర్థం చేసుకున్నారు. లక్షల ఫీజు కట్టగలిగినోడి కొడుకు అక్కడ చదివి ప్రాజెక్టు మేనేజరవుతాడు, వాల్యుయరవుతాడు, రేపు వాళ్ల నాన్న వెంచరుకి డైరెక్టరవుతాడు.

రెండో బడి ఫంక్షన్ హాల్లో నడుస్తుంది. ఆదివారం పొద్దున మీటింగు, మధ్యాహ్నం బిర్యానీ. డిగ్రీ చదివి ఉద్యోగం లేని మన పిల్లల్ని, హాస్టళ్లలోంచి బయటికొచ్చి ఊరికి తిరిగి పోలేని పిల్లల్ని పోగేస్తారు. టై కట్టిస్తారు. స్టేజీ మీద ఒకడు కారు తాళాలు ఊపుతాడు. "నువ్వు కూడా కోటీశ్వరుడివి కావొచ్చు" అంటాడు. అసోసియేట్, సీనియర్ అసోసియేట్, డైరెక్టర్ అని బిరుదులు పంచుతాడు. జీతం ఉండదు. అమ్మితే కమీషన్. నీ కింద ఇంకొకడిని చేర్పిస్తే దాంట్లో ముక్క. పాఠం మూడు ముక్కలు: మీ చుట్టాల జాబితా రాయి, మీ ఊరోళ్ల జాబితా రాయి, రేపటినుంచి ఫోన్లు చెయ్యి.

ఈ బడిలో చెప్పని చట్టం ఒకటుంది. 2016లో పార్లమెంటు రెరా చట్టం చేసింది. 2017 మే 1 నుంచి మొత్తం చట్టం అమల్లోకొచ్చింది. దాని 3వ సెక్షను ప్రకారం, చట్టం పరిధిలోకొచ్చే వెంచరుని రెరాలో రిజిస్టరు చేయకుండా ప్రకటన వేయకూడదు, బుకింగు తీసుకోకూడదు, అమ్మకూడదు. 9వ సెక్షను ప్రకారం అమ్మిపెట్టే ఏజెంటు కూడా రిజిస్టరు చేయించుకోవాలి. 10వ సెక్షను ప్రకారం రిజిస్టరు కాని వెంచరులో ఏజెంటు ప్లాటు అమ్మిపెట్టకూడదు. తప్పితే 62వ సెక్షను కింద రోజుకి పదివేల రూపాయల జరిమానా. అది ఆ ప్లాటు ధరలో అయిదు శాతం దాకా పోవచ్చు. "ప్రీ-లాంచ్ ఆఫర్, ఇప్పుడే కడితే సగం రేటు" అని వాళ్లు మన పిల్లాడి నోటితో చెప్పిస్తున్నారే, ఆ మాటే నేరం. చెప్పించినోడికి ఆ సంగతి తెలుసు. చెప్పే పిల్లాడికి తెలియదు.

కంపెనీ బోర్డు తిప్పేసిన రోజున ఓనరు ఫోను మోగదు. పిల్లాడి ఇల్లు మాత్రం పల్లెలోనే ఉంటుంది. ఇల్లు పోసుకుందామని చీటీ పాడి డబ్బు కట్టిన మేనత్త, గల్ఫ్ నుంచి పంపిన రూపాయి కట్టిన బావ, మొత్తం చుట్టరికం వచ్చి వాడి గడపలో కూర్చుంటుంది. ఓనరు మోసానికి మన పల్లెల నమ్మకం పెట్టుబడి. ఆ పెట్టుబడి పోగుచేసి పెట్టేదాన్ని వాళ్లు శిక్షణ అంటున్నారు.

ఏజెంటుకి ఫలానా చదువుండాలని రెరా చట్టంలో లేదు. మహారాష్ట్ర రెరా 2023లో ఏజెంట్లకి శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. మంచిదే. రేపు ఇక్కడా వస్తుంది. అయితే ఆ పరీక్ష ఏ భాషలో పెడతారు, ఫీజెంత, దాంట్లో ఏముంటుంది? మనం మాట్లాడకపోతే అది కూడా మన పిల్లల్ని వడపోసి బయట పారేసే జల్లెడే అవుతుంది.

ధర కట్టే శాస్త్రం

ఇక మొదటి బడిలో చెప్పే గొప్ప శాస్త్రం చూద్దాం. వాల్యుయేషన్ అంటారు. భూమికి ధర ఎట్టా వస్తుందో చెప్పే శాస్త్రం. రోడ్డు, నీళ్లు, ఎయిర్‌పోర్టు, ఐటీ కంపెనీలు, డిమాండు, సప్లయి. ఇంకొకటి కూడా ఉంది. దాన్ని ఇంగ్లీషులో ఇరుగుపొరుగు స్వభావం అనే అర్థమొచ్చే మెత్తని మాటతో చెప్తారు. ఆ మెత్తని మాట పుట్టుక తెలుసుకోవాలంటే అమెరికా పోవాలి.

1924లో అమెరికా రియల్ ఎస్టేట్ బోర్డుల జాతీయ సంఘం తన నీతి నియమావళిలోనే రాసుకుంది: ఎవరొస్తే ఒక వాడలో ఆస్తుల ధరలు పడిపోతాయో ఆ జాతివాళ్లని ఏజెంటు ఆ వాడలోకి తేకూడదు. గమనించండి, వాళ్లు దాన్ని నీతి అన్నారు. 1933లో హోమర్ హోయట్ అనే ఆర్థికవేత్త చికాగో నగర భూముల ధరలమీద వందేళ్ల చరిత్ర రాశాడు. పెద్ద పరిశోధన. దాంట్లో పది జాతుల జాబితా ఉంది. ఎవరు పక్కనుంటే ధర పెరుగుద్ది, ఎవరుంటే తగ్గుద్ది అని వరస. పైన ఇంగ్లీషువాళ్లు, జర్మన్లు. తొమ్మిదో చోట నల్లవాళ్లు. పదో చోట మెక్సికన్లు. మనువు రాసిన వరసకీ దీనికీ ఏం తేడా? మనువు పుణ్యంతో కొలిచాడు, ఈయన డాలర్లతో కొలిచాడు.

ఈ చదువే బ్యాంకులకి, ప్రభుత్వానికి దారి చూపింది. నల్లవాళ్లున్న వాడలకి ఎర్రగీత గీసి అప్పులివ్వలేదు. అప్పు లేకపోబట్టి ఇళ్లు పాడుబడ్డాయి. పాడుబడ్డాయి గాబట్టి ధర పడింది. "చూశారా, మా శాస్త్రం నిజమైంది" అన్నారు. నల్లజాతి ఉద్యమం దశాబ్దాల పాటు వీధుల్లో పోరాడింది. మార్టిన్ లూథర్ కింగ్‌ని 1968 ఏప్రిల్ 4న కాల్చి చంపారు. వారం తిరిగేసరికి ఇళ్ల అమ్మకంలో, అద్దెల్లో జాతి వివక్ష నేరమనే చట్టం వచ్చింది. ఈ రోజు టెక్సాస్‌లో ఏజెంటు లైసెన్సు కావాలంటే 180 గంటల కోర్సు చదవాలి. ఆ చట్టం పాఠంగా చదివి పరీక్ష రాయాలి. వివక్ష అక్కడ చచ్చిపోయిందని అనటం లేదు. కానీ పాఠ్యపుస్తకంలో శాస్త్రంగా వెలిగింది ఉద్యమం దెబ్బకి నేరంగా మారింది. చదువు మీద పోరాడితే చదువు మారుద్దనటానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

డల్లాస్‌లో ఇళ్లమ్మే మన తెలుగాయన జాతి చూసి ఇల్లు చూపించకపోవటం నేరమని చదివే లైసెన్సు తీసుకుంటాడు. ఆయనే సెలవులకి సొంతూరొచ్చి ప్లాటు కొనేటప్పుడు మొదట అడిగే మాట: "పక్కన పల్లె ఏమన్నా ఉందా?" ఉందంటే గజానికి ఇంత తగ్గించమంటాడు. అమ్మేవాడు ముందే తగ్గించి పెడతాడు, లేకపోతే మధ్యలో గోడ కట్టి "గేటెడ్" అంటాడు. హోయట్ జాబితా మన దగ్గర కాగితం మీద లేదు. అందరి నాలుక మీదా ఉంది. అద్దెకి పోతే "మీరేంటోళ్లు?" అంటారు. "మాంసం తింటారా?" అంటే కులం అడగటమే. అహ్మదాబాదులోని ఒక పార్శీ సహకార గృహనిర్మాణ సంఘం పార్శీలకే సభ్యత్వం అని పెట్టుకున్న నిబంధన చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. రెరా చట్టం మొత్తం తిరగేయండి, కులం చూసి ఇల్లు అమ్మనివాడికి ఇదీ శిక్ష అని ఒక్క సెక్షనుండదు. చట్టంలో లేనిది సిలబస్‌లో ఎట్టా వస్తుంది?

పల్లె పక్కనున్న భూమి ధర పల్లె వల్ల తగ్గటం లేదు. అంటరానితనం వల్ల తగ్గుతుంది. ఆ తేడా చెప్పని వాల్యుయేషన్ శాస్త్రం అంటరానితనానికి గజాల్లో లెక్క కట్టే కరణీకమే.

వాళ్ల సిలబస్‌లో వెనక బెంచీ చట్టం

1977లో ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. భూమిలేని పేదలకి ప్రభుత్వం ఇచ్చిన భూమిని అమ్మకూడదు, కొనకూడదు. కొన్నా ఆ బదిలీ చెల్లదు. రిజిస్ట్రారు దాన్ని రిజిస్టరు చేయకూడదు. కలెక్టరు గానీ ఆయన అధికారమిచ్చిన తహసీల్దారు గానీ కొన్నోడిని ఖాళీ చేయించి అసలు పట్టాదారుకో వారసులకో భూమి తిరిగి ఇప్పించొచ్చు. కొన్నోడికి జైలుశిక్ష కూడా ఉంది. 2007లో రిజిస్ట్రేషన్ చట్టానికి 22-ఎ సెక్షను కొత్త రూపంలో వచ్చింది. రిజిస్టరు చేయకూడని భూముల జాబితాలు దాంతో వచ్చినవే.

ఇంత చట్టముండి కూడా అసైన్డ్ భూములు వెంచర్లెట్టా అయ్యాయి? ఈ పాఠం ఏ ఎం.బి.ఎ.లో చెప్తారో చూపించండి, మేం చెప్తాం వినండి. ముందు కూతురి పెళ్లికో జబ్బుకో అప్పిస్తాడు. తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. తర్వాత స్వాధీనంలోకి వస్తాడు. చుట్టూ ఉన్న పట్టా భూమి కొంటాడు. పట్టా సర్వే నంబరు మీద లేఅవుట్‌కి అనుమతి తెస్తాడు. నేల మీద మాత్రం మన భూమిని కలుపుకుని రోడ్లేస్తాడు. హద్దురాయి పోతుంది, దాంతోపాటు హద్దూ పోతుంది. కొన్నేళ్లకి ఒక ఎన్.వో.సి. పుట్టుద్ది. ఈ మొత్తం దారిలో చదువుకున్నోళ్లు ఎంతమంది కావాలో లెక్కేయండి: సర్వేయరు, డాక్యుమెంటు రైటరు, ప్లీడరు, ఇంజనీరు, వాల్యుయరు, బ్యాంకు మేనేజరు. ఇంతమంది సంతకాల కింద ఒక్క వేలిముద్ర.

2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చేవెళ్ల డివిజను భూముల కేసులో తీర్పు చెప్పింది. ప్రభుత్వం అసైన్డ్ భూమిని తీసుకుంటే పట్టా భూమి యజమానికి ఇచ్చినట్టే పూర్తి మార్కెట్ ధర ఇవ్వాలంది. పదకొండేళ్లు తిరిగాయి. అమరావతి కోసం 2015లో భూసమీకరణ నిబంధనలొచ్చాయి. ఎకరం అంటే 4840 గజాలు. ఎకరం పట్టా భూమి ఇచ్చినోడికి వెయ్యి గజాల ఇంటిస్థలం. ఎకరం అసైన్డ్ భూమి ఇచ్చినోడికి 800 గజాలు. అదే కృష్ణ ఒడ్డు, అదే మట్టి. ఆ రెండొందల గజాలు ఏ శాస్త్రం ప్రకారం తగ్గాయి? "ఇది సేకరణ కాదు, ఇష్టపడి ఇచ్చింది" అని జవాబు. దరఖాస్తు ఫారం చదవటం రానివాడి ఇష్టం ఎట్టా ఉంటుందో మనకి తెలుసు. ఆ ఊళ్లలో మన పిల్లలు పదిమంది భూమి చట్టం చదువుకున్నోళ్లుండి, 2004 తీర్పు చేతిలో పట్టుకుని గ్రామసభలో లేచి నిలబడి ఉంటే, ఆ రెండొందల గజాల సంగతి ఆ రోజే తేలేది.

తర్వాత 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం సవరించింది. ఇచ్చి ఇరవయ్యేళ్లు దాటిన అసైన్డ్ భూమిని అసలు పట్టాదారులు, వారసులు అమ్ముకోవచ్చంది. 2024లో ప్రభుత్వం మారింది. అక్రమాలు జరిగాయని ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది. హక్కు ఇచ్చామన్నదీ వాళ్లే, ఆపిందీ వాళ్లే. మధ్యలో ముందే అగ్రిమెంట్లు రాయించుకున్నోడు ఎవడో, ఆ భూమి అసలు ధర ఎంతో, అమ్మాలా ఉంచుకోవాలా అని చెప్పటానికి పల్లెలో మనిషి లేడు. 2023లో కోకాపేటలో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ లెక్క వాళ్ల పిల్లలు క్లాసులో కేస్ స్టడీగా చదువుతారు. మన పిల్లలు అక్కడ సెంట్రింగు కర్రలు మోస్తారు.

మనలో రెండు మాటలు

మనవాళ్లలోనే రెండు మాటలు వినపడుతున్నాయి. పెద్దలు కొందరు "అది భూదొంగల వ్యాపారం, మన పిల్లలు దాంట్లోకి పోగూడదు" అంటారు. అన్నలారా, మీ కోపం న్యాయమైంది. కానీ మనం పోకపోతే ఆ వ్యాపారం ఆగుద్దా? మన పిల్లలు ఇప్పటికే దాంట్లో ఉన్నారు, కూలీలుగా, వాచ్‌మన్లుగా, ఫంక్షన్ హాలు అసోసియేట్లుగా. తెలియకుండా ఉన్నారు. తెలిసి ఉండమనటం తప్పెట్టా అవుతుంది?

ఇంకొందరు కొత్తగా "మనోడు కూడా వెంచరు వేయాలి, మనోడు కూడా కోట్లకి ఎదగాలి, అదే విముక్తి" అంటారు. తమ్ముళ్లారా, మనోడు ఎదిగితే సంతోషమే. అయితే మన కులపోడు వేసిన వెంచరులో ఇంకో పల్లె అసైన్డ్ భూమి కలిసిపోతే అది విముక్తి ఎవరికి? కరణం కులం మారితే కరణీకం పోదు.

బాబాసాహెబ్ దారి చూడండి. బొంబాయి శాసనమండలిలో 1928లో మహర్ వతన్ బిల్లు పెట్టారు. వతన్ పేరుతో ముక్క భూమి పడేసి మహర్లతో ఊరంతటికీ వెట్టి చేయించుకునే పద్ధతిని దెబ్బకొట్టాలని. 1937లో కొంకణంలో ఖోతీ పద్ధతి రద్దు కోసం బిల్లు పెట్టారు. ఆ బిల్లులు రాయాలంటే భూమి రికార్డు, శిస్తు లెక్క, పాత సనదులు, కోర్టు తీర్పులు అన్నీ క్షుణ్ణంగా తెలియాలి. ఆయన ఆ విద్యని మైలపడుతుందని వదిలేయలేదు, సొంతానికి వాడుకుని ఊరుకోలేదు. చదివి జాతి ముందు పరిచారు. మనకి కావలసిన రియల్ ఎస్టేట్ చదువు అది.

ఏం చేయాలి?

ఇది ఆకాశంలో కట్టే మేడ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిర క్రాంతి పథం కింద పల్లె పేదల పిల్లల్నే పారాలీగళ్లుగా, కమ్యూనిటీ సర్వేయర్లుగా తీసుకుని శిక్షణ ఇచ్చారు. ఆ పిల్లలు తహసీలు ఆఫీసుల్లో రికార్డులు తిరగేసి పేదల భూముల చిక్కులు వెతికి పట్టారు. కోనేరు రంగారావు కమిటీ 2006లో 104 సిఫారసులు రాసిచ్చింది. అంటే దారి తెలియక ఆగలేదు. ఆపినోళ్లుండబట్టి ఆగింది.

తెలంగాణలో 2025లో లైసెన్సుడు సర్వేయర్లకి శిక్షణ మొదలుపెట్టారు. ఇంటర్‌లో లెక్కలు చదివినోళ్లకి, ఐటిఐ డ్రాఫ్ట్స్‌మన్, సివిల్ డిప్లొమా, ఇంజనీరింగ్ చదివినోళ్లకి అవకాశం. ఇది చిన్న సంగతి గాదు. గొలుసు లాగిన తాత మనవడు కొలత కాగితం మీద సంతకం పెట్టే రోజది. ప్రతి పల్లె నుంచి ఒకరు ఆ లైసెన్సు తీసుకోవాలి. అమ్మాయిలు ముందుండాలి. సివిల్ ఇంజనీరింగ్ చదివి ఖాళీగా ఉన్న మన పిల్లలకి ఇంకో దారి ఉంది. 2017 నిబంధనల ప్రకారం సివిల్, ఆర్కిటెక్చర్, టౌన్ ప్లానింగ్ డిగ్రీ ఉండి అయిదేళ్ల అనుభవం ఉన్నోళ్లు యాభై గంటల శిక్షణ తీసుకుని, పరీక్ష పాసయి రిజిస్టర్డ్ వాల్యుయర్లు కావొచ్చు. ధర కట్టే కలం మన చేతిలోకి రావాలి.

ఉద్యమ సంఘాలకి ఒక మాట. ప్రతి ఎస్సీ హాస్టల్లో, ప్రతి అంబేద్కర్ భవనంలో ఆదివారం పూట భూమి బడి పెట్టండి. సిలబస్ మేమిస్తాం. ఆంధ్రలోనైతే అడంగల్, 1-బి, రీసెటిల్మెంటు రిజిస్టరు, ఎఫ్.ఎం.బి. పటం చదవటం. తెలంగాణలోనైతే పహాణీ, 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్, టీపన్ చదవటం. ఇ.సి. తీయటం, 22-ఎ జాబితాలో వెతకటం. ఎకరానికి 40 గుంటలు, గుంటకి 121 గజాలు, సెంటుకి 48.4 గజాలు అని నోటికి రావటం. 1977 చట్టం, 2004 తీర్పు, రెరా 3, 9, 10 సెక్షన్లు. వ్యవసాయ కూలీగా మారిన పట్టాదారు తరపున తహసీల్దారుకి అర్జీ రాయటం. నాలుగు నెలల్లో ఇంటర్ చదివిన పిల్లకి ఇదంతా వస్తుంది. ఆ నాలుగు నెలల తర్వాత ఫంక్షన్ హాలు వాడు పిలిస్తే ఆ పిల్ల అడిగే మొదటి ప్రశ్న "మీ వెంచరు రెరా నంబరెంత?", రెండోది "మీ సర్వే నంబర్లలో అసైన్డ్ భూమి ఎంత?" బిర్యానీ పెట్టకుండానే పంపించేస్తారు చూడండి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి నాలుగు. ప్రైవేటు యూనివర్సిటీల చట్టాలు సవరించి రిజర్వేషన్లు పెట్టాలి, ఫీజు ప్రభుత్వమే కట్టాలి. రియల్ ఎస్టేట్, నిర్మాణ, ప్రణాళిక కోర్సులన్నిటిలో అసైన్డ్ భూముల చట్టం, కౌలుదారు చట్టాలు, ఇళ్ల విషయంలో కులవివక్ష తప్పనిసరి పేపరుగా ఉండాలి. ఏజెంట్లకి పరీక్ష పెట్టేటట్టయితే తెలుగులో పెట్టాలి, ఎస్సీ, ఎస్టీలకి ఉచితంగా శిక్షణ ఇవ్వాలి. కులం చూసి ఇల్లు అమ్మనివాడికి, అద్దెకివ్వనివాడికి శిక్ష వేసే చట్టం రావాలి.

అప్పటిదాకా కాలేజీలో వాళ్లు భూమి అమ్మటం నేర్చుకుంటారు. మన బడిలో మన పిల్లలు అడ్డం పడటం నేర్చుకుంటారు. ఏ లేఅవుటు పటం ముందు పెట్టినా దాంట్లో మన తాతల హద్దురాయి ఎక్కడ పూడ్చారో వేలుపెట్టి చూపించగలిగే పిల్లలు ఊరికి పదిమంది తయారైతే చాలు, ఈ వ్యాపారం ఇప్పుడున్నట్టు సాగదు.

మీ ఊళ్లో భూమి బడి ఎప్పుడు మొదలుపెడుతున్నారో రాయండి.

జై భీం!